అమెరికా విదేశీ సహాయం: పద్దు, షరతు, విడుదల

అమెరికా ప్రభుత్వం ఇతర దేశాలకు ఇచ్చే డబ్బు, ధాన్యం, మందులు, ఆయుధాలు, సాంకేతిక తోడ్పాటు అన్నిటినీ కలిపి విదేశీ సహాయం అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ పద్దు కింద ఆ దేశం పెట్టినంత ఖర్చు మరే దేశమూ పెట్టలేదు. 2023 ఆర్థిక సంవత్సరంలో దాదాపు 7,200 కోట్ల డాలర్లు ఇందుకు కేటాయించారు. అంకె పెద్దదే గాని, అక్కడి కేంద్ర ప్రభుత్వ ఖర్చులో అది నూటికి ఒకటికి కొంచెం పైన మాత్రమే. తమ బడ్జెట్లో నాలుగో వంతు దాకా విదేశాలకే పోతోందని అమెరికా జనం అనుకుంటున్నట్టు అభిప్రాయ సేకరణల్లో పదేపదే బయటపడుతుంది. సహాయం తగ్గిస్తామని చెప్పిన నాయకుడికి సభల్లో చప్పట్లు పడటానికి ఈ పొరపాటు అంచనా చాలావరకు కారణం.

ఎంత ఇవ్వాలి, ఎవరికివ్వాలి, ఏ షరతు మీద ఇవ్వాలి అన్న ప్రశ్నలు ప్రతి దాత దేశం ముందూ ఉంటాయి. అమెరికాలో ఈ మూడింటికీ చట్టసభ అయిన కాంగ్రెస్ జవాబు రాస్తుంది. మంజూరైన డబ్బును ఎప్పుడు వదలాలి అన్న నాలుగో ప్రశ్న మాత్రం ఎక్కువగా అధ్యక్షుడి కార్యాలయం చేతిలో ఉండిపోయింది. ఏడు దశాబ్దాల చరిత్ర చూస్తే, కాగితం మీది షరతుల కన్నా ఈ విడుదల తేదీయే తీసుకునే దేశాలను ఎక్కువగా వంచింది.

చట్టపు పునాది

మార్షల్ ప్రణాళిక కింద 1948–52 మధ్య పశ్చిమ ఐరోపాకు సుమారు 1,300 కోట్ల డాలర్ల సహాయం అందింది. ఆ తర్వాతి కార్యక్రమాలకు అచ్చు పోసింది ఇదే. అమెరికా నుంచి సరుకు వస్తుంది. అందుకున్న ప్రభుత్వం దాన్ని తన ప్రజలకు అమ్మి, వచ్చిన సొంత కరెన్సీని విడి ఖాతాలో జమ చేస్తుంది. ఆ ఖాతా నుంచి పైసా తీయాలన్నా అమెరికా అధికారుల సమ్మతి కావాలి. 1949 జనవరిలో అధ్యక్షుడు ట్రూమన్ తన పదవీ స్వీకార ప్రసంగంలోని నాలుగో అంశంలో, పేద దేశాలకు సాంకేతిక జ్ఞానం అందిస్తామని ప్రకటించాడు. 1954 జూలై 10న ఐసెన్‌హోవర్ సంతకం చేసిన వ్యవసాయ వాణిజ్య చట్టం మిగులు ధాన్యాన్ని సహాయంగా మార్చింది. మన పెద్దల నోళ్లలో పి.ఎల్. 480గా నానిన చట్టం అదే.

వీటన్నిటినీ ఒక గూటికి చేర్చింది 1961 సెప్టెంబరు 4న కెనడీ సంతకంతో వచ్చిన విదేశీ సహాయ చట్టం. ఆ ఏడాది నవంబరు 3న అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ, అంటే యూఎస్‌ఎయిడ్, పుట్టింది. ఈ చట్టానికి ఆరు దశాబ్దాలుగా అతుకులు వేస్తూనే ఉన్నారు. సమగ్రంగా పునరుద్ధరించి అనుమతినిచ్చింది చివరిసారిగా 1985లో. విధానాన్ని నిర్ణయించాల్సిన విదేశీ వ్యవహారాల సంఘాలు అప్పటి నుంచి ఒక్క మాట మీదికి రాలేక వెనకబడ్డాయి. ఏటేటా ఖర్చుకు అనుమతిచ్చే నిధుల సంఘాలు ఆ ఖాళీలోకి వచ్చాయి. ఏ దేశంతో ఎలా మెలగాలన్న విధానం అందుకే ఇప్పుడు నిధుల బిల్లులో, దాని వెంట వచ్చే వివరణ పత్రంలో దొరుకుతుంది.

పద్దు తయారయ్యే తీరు

అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30తో ముగుస్తుంది. ఆ అక్టోబరుకు ఏడాదిన్నర ముందే రాయబార కార్యాలయాలు తమ దేశానికి ఏమేం కావాలో రాసి పంపుతాయి. విదేశాంగ శాఖ వాటిని కలిపి, కోసి, వైట్‌హౌస్ బడ్జెట్ కార్యాలయానికి ఇస్తుంది. అక్కడ మరో విడత కోత పడి నవంబరు చివరికి తిరిగొస్తుంది. ఫిబ్రవరి మొదటి సోమవారం నాటికి అధ్యక్షుడు తన ప్రతిపాదనను కాంగ్రెస్‌కు పంపాలని నియమం. ఆ గడువు దాటిపోవడం కొత్తేమీ కాదు.

మన పార్లమెంటులో ప్రభుత్వం పెట్టిన బడ్జెట్టు పెద్ద మార్పుల్లేకుండా నెగ్గుతుంది. అక్కడ అధ్యక్షుడి ప్రతిపాదన ఒక విన్నపం మాత్రమే. ప్రతినిధుల సభలోనూ సెనేట్‌లోనూ ఉన్న నిధుల ఉపసంఘాలు దాన్ని మొదటి నుంచి తిరగరాస్తాయి. ప్రపంచ ఆరోగ్యం, విపత్తు సాయం, ఆర్థిక మద్దతు, విదేశీ సైన్యాల ఆయుధ కొనుగోళ్లు, మాదకద్రవ్యాల నిరోధం, ఇలా ఒక్కో ఖాతాకు ఒక్కో మొత్తం రాస్తాయి. ఆహార సహాయం మాత్రం చాలా కాలం ఈ బిల్లులో కాకుండా వ్యవసాయ శాఖ బిల్లులో నడిచింది. ధాన్యం పండించే రాష్ట్రాల సభ్యులు దానికి ఎప్పుడూ కాపలా ఉన్నారు. గడువులోగా బిల్లు నెగ్గకపోతే మన ఓటాన్ అకౌంట్ లాంటి తాత్కాలిక తీర్మానంతో పాత లెక్క ప్రకారం ఖర్చు సాగుతుంది. కొత్తగా తలపెట్టిన పనులన్నీ అంతవరకు ఆగిపోతాయి.

బిల్లు చట్టమయ్యాక కూడా డబ్బు కదలదు. 30 రోజుల్లోగా ఏ దేశానికి ఎంతో వివరిస్తూ ప్రభుత్వం కాంగ్రెస్‌కు నివేదిక ఇవ్వాలి. చాలా పద్దులకు ఖర్చు మొదలెట్టడానికి 15 రోజుల ముందు సంఘాలకు సమాచారం పంపాలి. ఆ 15 రోజుల్లో సంఘం అధ్యక్షుడో, అందులోని ప్రతిపక్ష ముఖ్యుడో ‘ఆగండి’ అంటే సర్కారు సాధారణంగా ఆగుతుంది. అలా ఆగాలని ఏ చట్టంలోనూ లేదు, అది ఆనవాయితీ. ఒక్క సభ్యుడి అభ్యంతరంతో ఒక దేశానికి వెళ్లాల్సిన సొమ్ము నెలల తరబడి నిలిచిపోయిన సందర్భాలున్నాయి.

ఈ మామూలు దారికి పక్కన మరో దారి ఉంది. యుద్ధమో భూకంపమో వస్తే అత్యవసర అదనపు బిల్లు తెస్తారు. బడ్జెట్ పరిమితులు దానికి వర్తించవు. 2024 ఏప్రిల్‌లో ఉక్రెయిన్, ఇజ్రాయెల్, తైవాన్‌ల కోసం ఒక్క దెబ్బతో నెగ్గించిన ప్యాకేజీ 9,500 కోట్ల డాలర్లు. ఏడాది పొడుగునా వాదులాడుకున్న మామూలు పద్దు కన్నా అది పెద్దది.

భారతదేశం, పి.ఎల్. 480

షరతులు ఎలా పనిచేస్తాయో చూడటానికి మన అనుభవాన్ని మించిన ఉదాహరణ లేదు. 1956 ఆగస్టులో భారత్ తొలి పి.ఎల్. 480 ఒప్పందం చేసుకుంది. 1960 మేలో వాషింగ్టన్‌లో అప్పటి ఆహార మంత్రి ఎస్.కె. పాటిల్, ఐసెన్‌హోవర్ కలిసి 1.6 కోట్ల టన్నుల గోధుమలు, 10 లక్షల టన్నుల బియ్యానికి సంతకాలు చేశారు. చెల్లింపు రూపాయల్లో. డాలర్లు లేని దేశానికి ఇది నిజంగా పెద్ద వెసులుబాటు. ఆ రూపాయలు ఇక్కడే అమెరికా ఖాతాలో పోగుపడ్డాయి. రాయబార కార్యాలయం ఖర్చులకు కొంత, భారత ప్రభుత్వానికి అప్పుగానూ గ్రాంటుగానూ చాలా భాగం వెళ్లాయి.

1965లో రుతుపవనాలు మొహం చాటేశాయి. 1964–65లో 8.9 కోట్ల టన్నులున్న ఆహారధాన్యాల దిగుబడి మరుసటి ఏడాది 7.2 కోట్ల టన్నులకు పడిపోయింది. పాత ఒప్పందం గడువు అదే వేసవిలో తీరింది. కొత్తగా బహుళ సంవత్సరాల ఒప్పందం చేసుకునే బదులు అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొద్ది నెలలకు సరిపడా సరుకు మాత్రమే వదలడం మొదలుపెట్టాడు. ఓడలు బయల్దేరే తేదీలను తానే స్వయంగా చూసుకున్నాడు. పశువుకు పలుపు పొట్టిగా కట్టినట్టు నడిచిన ఈ విధానం అదే పేరుతో చరిత్ర పుస్తకాలకెక్కింది. ఓడ దిగిన గోధుమలు గిడ్డంగి ముఖం చూడకుండా నేరుగా రేషన్ దుకాణాలకు వెళ్లాల్సిన రోజులవి.

1965 నవంబరులో రోమ్‌లో వ్యవసాయ మంత్రి సి. సుబ్రహ్మణ్యం, అమెరికా వ్యవసాయ మంత్రి ఆర్విల్ ఫ్రీమన్ గుట్టుగా ఒక అంగీకారానికి వచ్చారు. వ్యవసాయానికి పెట్టుబడి పెంచుతామని, ఎరువులు, మేలు విత్తనాలు, రైతు రుణాల విషయంలో ఫలానా చర్యలు తీసుకుంటామని భారత్ మాటిచ్చింది. అందులో ఎక్కువ భాగం సుబ్రహ్మణ్యం ముందే చేయాలనుకున్నవి. మంత్రివర్గంలో ఎదురైన వ్యతిరేకతను దాటడానికి ఈ ఒప్పందం ఆయనకు అక్కరకొచ్చింది. బయటి షరతు లోపలి సంస్కర్తకు ఊతమవడం సహాయ చరిత్రలో అరుదేమీ కాదు, విజయవంతమైన షరతుల్లో చాలావరకు ఇలాంటివే. ఆ డిసెంబరులోనే కొత్త ఎరువుల కర్మాగారాలకు ఏడేళ్ల పాటు సొంతంగా ధర నిర్ణయించుకుని అమ్ముకునే స్వేచ్ఛను కేంద్రం ఇచ్చింది. షెవ్రాన్ కెమికల్, ఇంటర్నేషనల్ మినరల్స్ అండ్ కెమికల్ అనే అమెరికా కంపెనీలు ప్యారీతో కలిసి విశాఖపట్నంలో పెట్టిన కోరమాండల్ ఫెర్టిలైజర్స్ ఆ కాలపు కర్మాగారమే.

మాట నిలబెట్టుకున్నాక పలుపు వదులవ్వాలి. అవలేదు. 1966 మార్చిలో ఇందిరాగాంధీ వాషింగ్టన్ వెళ్లొచ్చారు. జూన్ 6న రూపాయి విలువను తగ్గించారు, డాలరు ధర 4.76 నుంచి 7.50 రూపాయలకు చేరింది. ప్రపంచ బ్యాంకు, దాతల కూటమి కోరింది ఇదే. జూలైలో ఆమె మాస్కోలో సోవియట్ నాయకులతో కలిసి వియత్నాం మీద బాంబు దాడులను ఖండించారు. అటు తర్వాత ఓడలు మళ్లీ ఆలస్యమయ్యాయి, బీహార్‌లో కరువు ముదురుతున్న నెలల్లోనే. వ్యవసాయం కోసమని పెట్టిన షరతు విదేశాంగ విధానం మీదికి ఎలా పాకిందో ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. ఆకలితో ఉన్నవాడి కంచాన్ని రాజకీయ సమ్మతికి తాకట్టు పెట్టడం సమర్థించలేని పని. ఆ అవమానం ఢిల్లీ మరచిపోలేదు. ఆహారంలో స్వయంసమృద్ధి జాతీయ పంతంగా మారడానికి కొత్త వంగడాలు ఎంత కారణమో ఆ రెండేళ్ల ఎదురుచూపు కూడా అంత కారణం.

పి.ఎల్. 480 చట్టం మన ఊళ్లలో వేరే గుర్తులూ వదిలింది. కేర్ సంస్థ ద్వారా బడులకు వచ్చిన పాలపొడి, గోధుమ నూక ఉప్మా తిన్న తరం ఇప్పటికీ ఉంది. బస్తాల మీద కరచాలనం చేస్తున్న రెండు చేతుల బొమ్మ ఉండేది. అది అలంకారం కోసం వేసింది కాదు. సరుకు అమెరికా ప్రజలిచ్చిందని కనబడేలా ముద్ర వేయాలన్నది చట్టంలోని షరతు. పొలం గట్లను కమ్మేసిన వయ్యారిభామ ఆ గోధుమల్లో కలిసి వచ్చిందని రైతులు గట్టిగా నమ్ముతారు. రాజేంద్రనగర్‌లో 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయ ఆచార్యులు తోడ్పడ్డారు. పోగుపడ్డ రూపాయల్లో కొంతతో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 1962 నుంచి ఢిల్లీ కార్యాలయం ద్వారా భారతీయ భాషల పుస్తకాలు కొని షికాగో, విస్కాన్సిన్, బర్కిలీ వంటి విశ్వవిద్యాలయాలకు పంపింది. వాటిలో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. ఇక్కడ చెదలు తిన్న కొన్ని ముద్రణలు అక్కడి అరల్లో భద్రంగా ఉండటానికి ఇదే కారణం. చివరికి 1974 ఫిబ్రవరి 18న రాయబారి డేనియల్ ప్యాట్రిక్ మోయినిహాన్ 1,664 కోట్ల రూపాయల చెక్కును భారత ప్రభుత్వానికి అప్పగించాడు. అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద చెక్కు లేదని గిన్నిస్ పుస్తకం నమోదు చేసుకుంది.

షరతుల పుట్ట

1961 చట్టంలో, ఏటేటా వచ్చే నిధుల బిల్లుల్లో చేరిన షరతులన్నిటినీ ఏకరువు పెట్టడం ఇక్కడ కుదరదు. వాటిలో చాలా వాటికి ఒక్కో సంఘటనో, ఒక్కో సెనేటరో మూలం. అమెరికా కంపెనీల ఆస్తులను పరిహారం లేకుండా జాతీయం చేసే దేశాలకు సహాయం ఆపాలని 1962లో సెనేటర్ హికెన్‌లూపర్ పెట్టించాడు. అణ్వస్త్ర పరిజ్ఞానం మీద 1976లో సైమింగ్టన్, 1977లో గ్లెన్ సవరణలు వచ్చాయి. హింసలకు పాల్పడిన సైనిక, పోలీసు దళాలకు సాయం అందరాదని వెర్మాంట్ సెనేటర్ ప్యాట్రిక్ లీహీ 1997లో చేర్పించిన నియమం ఆయన పేరుతోనే నిలిచింది. దేశం మొత్తాన్ని శిక్షించకుండా తప్పు చేసిన దళాన్ని మాత్రమే పక్కన పెట్టడం దీని ప్రత్యేకత. ఎన్నికైన ప్రభుత్వాన్ని సైన్యం కూలదోస్తే సహాయం ఆగాలన్నది మరో నియమం.

చాలా షరతుల పక్కనే ఒక తలుపు ఉంటుంది. జాతీయ భద్రతకు అవసరమని అధ్యక్షుడో విదేశాంగ మంత్రో రాసిస్తే షరతు పక్కకు తప్పుకుంటుంది. ఆ సంతకం ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు పడదో చూస్తే అమెరికాకు ఆ రోజున ఎవరి అవసరం ఎంతో అర్థమవుతుంది.

పాకిస్థాన్ విషయం చూడండి. అణ్వస్త్రం పాకిస్థాన్ దగ్గర లేదని అమెరికా అధ్యక్షుడు ఏటా ధ్రువీకరిస్తేనే ఆ దేశానికి సహాయమని 1985లో ప్రెస్లర్ సవరణ చెప్పింది. సోవియట్ సేనలు అఫ్ఘానిస్థాన్‌లో ఉన్నన్నాళ్లూ ఆ ధ్రువపత్రం తప్పకుండా వచ్చింది. ఆ సేనలు 1989 ఫిబ్రవరిలో వెళ్లిపోయాయి. 1990 అక్టోబరులో ధ్రువపత్రం ఆగింది. అప్పటికే డబ్బు కట్టిన ఎఫ్-16 విమానాలు కూడా అందలేదు. 1998 మేలో భారత్, పాకిస్థాన్ అణు పరీక్షలు జరిపినప్పుడు గ్లెన్ సవరణ కింద రెండింటి మీదా ఆంక్షలు పడ్డాయి. కానీ వాషింగ్టన్ రాష్ట్రపు గోధుమ రైతులు పాకిస్థాన్ టెండరు తమ చేయి జారిపోతుందని గోల పెట్టారు. రెండు నెలలు తిరక్కుండా, జూలై 14న, వ్యవసాయ రుణాలకు మినహాయింపునిచ్చే చట్టం వచ్చేసింది. మిగిలిన ఆంక్షల్లో ఎక్కువ భాగం 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన పక్షం లోపే తొలగాయి.

ఈజిప్టుకు 1987 నుంచి ఏటా 130 కోట్ల డాలర్ల సైనిక సహాయం అందుతోంది. 2013 జూలై 3న ఎన్నికైన అధ్యక్షుడు మొర్సీని సైన్యం దించేసింది. అది సైనిక తిరుగుబాటేనా అని తేల్చాల్సిన బాధ్యతే చట్టం తమ మీద పెట్టలేదని ఒబామా ప్రభుత్వం వాదించింది. తేల్చకపోతే నియమం వర్తించదు. తర్వాత కాంగ్రెస్ ఆ 130 కోట్లలో సుమారు 30 కోట్లను మానవ హక్కుల పురోగతికి ముడిపెట్టింది. 2021లో బైడెన్ ప్రభుత్వం అందులో 13 కోట్లు ఆపింది. గాజా యుద్ధంలో కైరో మధ్యవర్తిత్వం అవసరమైన 2024లో మొత్తం 32 కోట్లూ వదిలేసింది. జైళ్లలో ఉన్నవాళ్ల పరిస్థితిలో అంతటి మార్పు వచ్చిందని నిరూపించడం కష్టం.

ఇజ్రాయెల్ మరో కొస. 2016లో కుదిరిన అవగాహన ప్రకారం 2019–28 మధ్య పదేళ్లకు 3,800 కోట్ల డాలర్లు. మిగతా దేశాలు విడతల కోసం ఎదురుచూస్తే, దీనికి మాత్రం బిల్లు చట్టమైన 30 రోజుల్లో ఆయుధాల సొమ్ము ఒకేసారి న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ ఖాతాలో పడాలని, దాని మీద వడ్డీ కూడా రావాలని నిబంధన. ఒకే దాత దేశం ఒకరికి ఓడ ఓడకూ లెక్క చూసి, ఇంకొకరికి సంవత్సరాది నాడే మొత్తం ఇచ్చేసింది.

ఇంటి అవసరాల కోసం పెట్టినవి

కొన్ని షరతులు తీసుకునే దేశం ప్రవర్తనతో సంబంధం లేనివి. పి.ఎల్. 480 ఆహార సహాయం కింద పంపే ధాన్యం అమెరికాలో పండాలి. సరుకులో సగం అమెరికా జెండా ఉన్న ఓడల్లోనే వెళ్లాలి. 1985 నుంచి 2012 వరకు ఈ వాటా నూటికి 75. ఆ ఓడల కిరాయి మార్కెట్ రేటు కన్నా చాలా ఎక్కువ, అవి మహాసముద్రం దాటి వచ్చేసరికి నెలలు పడుతుంది. పక్క జిల్లాలో ధాన్యం దొరికే చోట కూడా ఇదే పద్ధతి. రైతు, ఓడ యజమాని, నావికుల సంఘం, స్వచ్ఛంద సంస్థ కలిసి ఈ ఏర్పాటును దశాబ్దాలు కాపాడుకున్నాయి. ఇది ఆకలిగొన్న వాళ్ల పేరు చెప్పి ఇంట్లో వాళ్లకిచ్చిన సబ్సిడీ. మరోవైపు, ఈ సంకీర్ణం లేకపోతే ఆహార సహాయానికి కాంగ్రెస్‌లో ఓట్లు పడేవా అన్న ప్రశ్నను కూడా కాదనలేం.

నైతిక విశ్వాసాల మీద పెట్టిన షరతుల కథ వేరు. గర్భస్రావానికి ఊతమిచ్చే విదేశీ సంస్థలకు కుటుంబ నియంత్రణ నిధులు ఇవ్వరాదని 1984లో రేగన్ మెక్సికో నగరంలో జరిగిన జనాభా సదస్సు సందర్భంగా ప్రకటించాడు. అది చట్టం కాదు, అధ్యక్షుడి ఆదేశం. దాంతో 1993లో క్లింటన్ తీసేశాడు, 2001లో బుష్ పెట్టాడు, 2009లో ఒబామా తీసేశాడు, 2017లో ట్రంప్ పెట్టాడు, 2021లో బైడెన్ తీసేశాడు, 2025లో ట్రంప్ మళ్లీ పెట్టాడు. ఆఫ్రికా పల్లెలో ఒక నర్సు జీతం వాషింగ్టన్ ఎన్నికతో ముడిపడి ఉంటుంది. క్లినిక్‌ను పదేళ్ల ప్రణాళికతో నడపడం ఈ పరిస్థితిలో అసాధ్యం. 2003లో మొదలైన ఎయిడ్స్ నివారణ కార్యక్రమంలో, వ్యభిచారాన్ని వ్యతిరేకిస్తున్నామని సంస్థలు ప్రమాణం చేయాలన్న షరతుండేది. అమెరికా సంస్థల భావ ప్రకటన స్వేచ్ఛకు అది విరుద్ధమని 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే సంస్థల విదేశీ శాఖలకు ఆ రక్షణ లేదని 2020లో చెప్పింది.

ముందే అర్హత చూసే పద్ధతి

సహాయం ఇచ్చాక షరతులతో వేధించే బదులు, ముందే అర్హత చూసి ఇద్దామన్న ఆలోచనతో 2004 జనవరిలో మిలీనియం చాలెంజ్ కార్పొరేషన్ ఏర్పడింది. పాలన, విద్య, ఆరోగ్యం, ఆర్థిక స్వేచ్ఛల మీద బయటి సంస్థల అంకెలు తీసుకుని ప్రతి పేద దేశానికీ మార్కులు వేస్తుంది. అవినీతి నియంత్రణలో తప్పితే మిగతావాటిలో ఎన్ని వచ్చినా లాభం లేదు. నెగ్గిన దేశంతో ఐదేళ్ల ఒప్పందం కుదురుతుంది, మొత్తం సొమ్ము ముందే పక్కన పెడతారు. విడుదల అనిశ్చితిని తగ్గించడం దీని అసలు గొప్పతనం. సైనిక తిరుగుబాట్ల తర్వాత 2009లో మడగాస్కర్‌తో, 2012లో మాలీతో ఒప్పందాలను రద్దు చేసి, మాట మీద నిలబడగలనని కూడా చూపించింది.

అయినా అనుమానాలు తప్పలేదు. 2017లో నేపాల్‌తో విద్యుత్ లైన్లు, రోడ్ల కోసం 50 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అది తమ చట్టాల కన్నా పైదవుతుందని, అమెరికా సైన్యం వచ్చేస్తుందని వీధుల్లో గొడవలు జరిగాయి. చివరికి 2022 ఫిబ్రవరి 27న తన వివరణ ప్రకటన జతచేసి నేపాల్ పార్లమెంటు ఆమోదించింది. శ్రీలంకలో ఇలాంటి వ్యతిరేకతే ముదిరి 48 కోట్ల డాలర్ల ఒప్పంద ప్రతిపాదన 2020 డిసెంబరులో రద్దయింది.

ఆపేసే అధికారం ఎవరిది

మంజూరైన డబ్బును ఖర్చు చేయనని అధ్యక్షుడు మొండికేయవచ్చా? నిక్సన్ అలా చేయడంతో కాంగ్రెస్ 1974లో నిధుల నిలుపుదల నియంత్రణ చట్టం తెచ్చింది. రద్దు చేయాలనుకుంటే అధ్యక్షుడు ప్రతిపాదన పంపాలి. 45 రోజుల్లో కాంగ్రెస్ ఒప్పుకోకపోతే డబ్బు వదలాల్సిందే.

2019 వేసవిలో ఉక్రెయిన్‌కు వెళ్లాల్సిన 39.1 కోట్ల డాలర్ల సైనిక సహాయం ఆగింది. అందులో రక్షణ శాఖ వాటా 25 కోట్లు. ఆ వాటా ఆగిన తీరు గమనించదగ్గది. బహిరంగ ఉత్తర్వేమీ లేదు. నిధులను శాఖలకు పంచే పత్రాల అడుగున బడ్జెట్ కార్యాలయం చేర్చిన చిన్న పాద సూచికలు, మళ్లీ మళ్లీ కొద్ది రోజుల చొప్పున పొడిగిస్తూ, ఆ పని చేశాయి. అదే వేసవిలో ట్రంప్ జో బైడెన్ మీద దర్యాప్తు జరపాలని ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీని అడగడంతో అది అభిశంసన దాకా వెళ్లింది. విధానపరమైన కారణంతో అలా ఆపడం 1974 చట్టాన్ని ఉల్లంఘించడమేనని 2020 జనవరిలో కాంగ్రెస్ ఆడిట్ సంస్థ తేల్చింది. సెనేట్ ట్రంప్‌ను నిర్దోషిగా వదిలేసింది.

2025లో ఈ తగువు పతాక స్థాయికి చేరింది. జనవరి 20న పదవి చేపట్టిన రోజే ట్రంప్ విదేశీ సహాయాన్ని 90 రోజులు నిలిపేశాడు. మార్చి నాటికి యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాల్లో నూటికి 83 రద్దు చేశామని విదేశాంగ మంత్రి మార్కో రూబియో ప్రకటించాడు. జూలై 1న ఆ సంస్థ మిగిలిన బాధ్యతలు విదేశాంగ శాఖలో కలిశాయి. అదే నెలలో కాంగ్రెస్ స్వయంగా దాదాపు 800 కోట్ల డాలర్ల విదేశీ నిధులను వెనక్కి తీసుకుంది. ఆగస్టు చివర్లో మరో 490 కోట్లకు రద్దు ప్రతిపాదన వెళ్లింది. సెప్టెంబరు 30తో ఆ నిధుల గడువు తీరిపోతుంది కాబట్టి, 45 రోజుల గడువు ముగిసేలోగా డబ్బే చెల్లకుండా పోతుంది. సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆ నిలుపుదలను సాగనిచ్చింది. చట్టసభ మంజూరు చేసినా క్యాలెండరును చూపి ఖర్చు తప్పించుకోవచ్చన్న మాట. 1974 చట్టం కాపాడాలనుకున్నదాన్ని ఇది దాదాపుగా హరించింది.

నిలుపుదల దెబ్బ ఎక్కడ తగిలిందో చూడటానికి దూరం వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం మిత్ర్ క్లినిక్ మొదలైంది. దేశంలో ఆ తరహాలో అదే మొదటిది. అక్కడ వైద్యం చేసేవారు, సలహాలిచ్చేవారు కూడా ఎక్కువగా ఆ సముదాయం వాళ్లే. హార్మోన్ చికిత్స, హెచ్‌ఐవీ పరీక్షలు, మానసిక సలహాలు అందేవి. దానికి నిధులు అమెరికా ఎయిడ్స్ కార్యక్రమం నుంచి వచ్చేవి. 2025 ఆరంభంలో డబ్బు ఆగగానే కల్యాణ్, పుణెల్లోని క్లినిక్‌లతో పాటు అదీ మూతపడింది. వాళ్లు ఏ షరతునూ మీరలేదు, ఏ నివేదికలోనూ తప్పలేదు. ఆ తర్వాత టాటా ట్రస్టుల తోడ్పాటుతో సబ్‌రంగ్ క్లినిక్ పేరున మళ్లీ తెరుచుకుంది. ఆదుకునే దాత దొరకని చోట్ల రోగులు మందుల మధ్యలోనే ఆగిపోయారు.

2025 సెప్టెంబరులో విదేశాంగ శాఖ కొత్త ఆరోగ్య సహాయ విధానం ప్రకటించింది. స్వచ్ఛంద సంస్థల ద్వారా కాకుండా ప్రభుత్వాలతో నేరుగా, కొన్నేళ్ల గడువుతో ఒప్పందాలు చేసుకుంటారు. తీసుకునే దేశం తన సొంత ఖర్చును ఏటా పెంచుకుంటూ పోవాలి. డిసెంబరులో మొదట సంతకం చేసిన దేశం కెన్యా. ఐదేళ్లలో అమెరికా 160 కోట్ల డాలర్ల దాకా ఇస్తుంది, కెన్యా తన ఆరోగ్య బడ్జెట్‌కు 85 కోట్లు కలపాలి. కెన్యా వాటా ఏ ఏడు ఎంతో ఒప్పందం నిర్ణయిస్తుంది. అమెరికా వాటా మాత్రం కాంగ్రెస్ ఏటా నిధులు మంజూరు చేయడం మీద ఆధారపడి ఉంటుంది.